తుప్పు ముందు, తళుకు తరువాత: పాత అంబాసిడర్‌ను మళ్లీ రోడ్డెక్కించడం ఎలా?

మా తిరుపతిలో ఎవరైనా పాత కారు కొన్నారంటే చాలు, చూడొచ్చినవాళ్లు మొదట అడిగేది ‘‘ఏం కలర్ కొట్టిస్తావు నా?’’ అనే. నేనూ ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ మొదలుపెట్టినవాణ్ణే. బంగారుపాళెం దగ్గర ఒక మామిడితోటలో, రేకుల షెడ్డు కింద, పదకొండేళ్లుగా కదలకుండా నిలబడిపోయిన 1968 నాటి మార్క్ 2 అంబాసిడర్ అది. ఇంటికి తెచ్చిన వారానికే కలర్ కార్డు ముందేసుకుని కూర్చున్నాను. బండి రోడ్డెక్కడానికి 26 నెలలు పట్టింది. అందులో ఆరు నెలలు ఒకసారి చేసిన పనిని మళ్లీ చేయడానికే పోయాయి. పని వరస తప్పితే జరిగేది అదే. అందుకే ఇక్కడ చెప్పేదంతా వరస గురించి: ఏది ముందు, ఏది తరువాత, ఏది అసలు వద్దు.

ఏ బండి?

మనసుకు నచ్చిన బండే కొనండి, కాదనను. కానీ ఏ సామాన్లు ఎక్కడ దొరుకుతాయో తెలుసుకుని కొనండి.

అంబాసిడర్ 1950ల చివర్లో మొదలై 2014 మే దాకా తయారైంది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 దీనికి మూలం. అన్నేళ్లు తయారైంది కాబట్టి ఇంజిన్ సామాన్లకు ఇప్పటికీ పెద్ద కొరత లేదు. ఫియట్ 1100, ఆ తరువాత అదే ప్రీమియర్ పద్మిని, 1964 నుంచి 2000 ప్రాంతం దాకా రోడ్ల మీదికి వచ్చింది. 1089 సీసీ ఇంజిన్, చిన్న శరీరం, చేతికి తేలిక. స్టాండర్డ్ హెరాల్డ్‌కు మన పక్కన ఒక ప్రత్యేకత ఉంది, అది మద్రాసు బండి. దాని బాడీని విడి చాసిస్ మీద బోల్టులతో బిగించారు, పైకెత్తి పక్కన పెట్టేయొచ్చు. పనిచేసేవాడికి అంతకన్నా సుఖం లేదు, కాకపోతే బాడీ రేకులు దొరకవు. కాంటెస్సా 1984 నుంచి 2002 దాకా వచ్చింది. రోడ్డు మీద హుందాగానే ఉంటుంది గానీ అద్దాలు, లైట్లు, బీడింగుల కోసం చెప్పులరిగిపోతాయి. మొదటిసారి చేతులు పెట్టేవాళ్లకు నా సలహా పాత మారుతీ 800. 796 సీసీ, మూడు సిలిండర్లు. తప్పు చేసినా జేబు పెద్దగా కాలదు. మా వాళ్లలో చాలామందికి అది ‘క్లాసిక్’లా కనబడదు, ఇంకో పదేళ్లాగితే కనబడుతుంది.

సామాన్ల కోసం మనకు రెండు దిక్కులు. ఒకటి చెన్నై: పాత సామాన్లకు పుదుపేట, కొత్తవాటికి జీపీ రోడ్డు. తిరుపతి నుంచి పొద్దున బస్సెక్కితే రాత్రికి తిరిగి రావచ్చు. రెండోది బెంగళూరు జేసీ రోడ్డు, చిత్తూరు, పలమనేరు వాళ్లకు అది దగ్గర. వెళ్లేటప్పుడు పాత పార్టును గుడ్డలో చుట్టి వెంట తీసుకెళ్లండి. ఫోనులో ఫోటో చూపిస్తే ‘‘ఇదే సార్’’ అని ఏదో ఒకటి చేతిలో పెడతారు. పక్కపక్కన పెట్టి చూస్తేగానీ పళ్ల లెక్క తేలదు.

సి-బుక్కు (ఆర్సీ) చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు

బండి ఎంత బాగున్నా, కాగితం లేకపోతే అది తుక్కే. మొదట చాసిస్ నంబరు. ప్లేటు తుడిచి, దానిమీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి. అచ్చు పడిన నంబరును ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చండి. ఆ తరువాత ఇంజిన్ నంబరు. పాత అంబాసిడర్లలో పెట్రోలు ఇంజిన్ తీసేసి డీజిల్ ఇంజిన్ దించినవి బోలెడు. ఆర్సీలో అది ఎక్కిందో లేదో చూడండి. ఎక్కకపోతే ఆ తలనొప్పిని కూడా మీరే కొంటున్నట్టు.

అమ్మేవాళ్ల పేరు మీద బండి ఉందా, వాళ్ల నాయన పేరు మీద ఉందా? పెద్దాయన పోయుంటే ఫారం 31తో వారసుల పేరుకు మారాలి, ఆ తరువాతే 29, 30 ఫారాలతో మీ పేరుకు వస్తుంది. వేలూరు, కాట్పాడి వైపు నుంచి తమిళనాడు బండి తెస్తుంటే ఫారం 28తో ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కావాలి. చేతిరాత ఆర్సీలు చాలావరకు కంప్యూటర్లోకి ఎక్కలేదు. ఆ ‘బ్యాక్‌లాగ్’ నమోదు అమ్మేవాళ్ల చేతే పూర్తి చేయించుకోండి. డబ్బులు చేతిలో పడ్డాక ఎవరూ మీతో ఆర్టీఓ ఆఫీసు మెట్లెక్కరు.

సొంత కార్లకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆపైన ఐదేళ్లకోసారి ఫారం 25తో రెన్యువల్. 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజును 2025లో 10,000 రూపాయలకు పెంచారు. దీనికి తోడు గ్రీన్ ట్యాక్స్ ఉంటుంది.

ఇంకో దారి వింటేజ్ రిజిస్ట్రేషన్. 2021లో తెచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మారకుండా అసలు రూపంలో ఉన్న బళ్లకు ‘వీఏ’ అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్లు. కానీ ఆ నంబరుతో రోజువారీ తిరగకూడదు. ర్యాలీకో, ప్రదర్శనకో, పెట్రోలుకో, మరమ్మతుకో మాత్రమే బయటికి తీయాలి. ఆదివారం పూట చంద్రగిరి దాకా పోయి టీ తాగి రావాలన్నది నా కోరిక. అందుకే మామూలు రెన్యువల్‌కే వెళ్లాను.

అయస్కాంతం, స్క్రూడ్రైవరు, పాత చొక్కా

చూడ్డానికి వెళ్లేటప్పుడు ఈ మూడూ తీసుకెళ్లండి. చొక్కా ఎందుకంటే బండి కింద పడుకోవాలి. పడుకోకుండా పాత కారు కొన్నవాడు ఫోటో చూసి పెళ్లిచేసుకున్నవాడితో సమానం.

అంబాసిడర్‌కు విడిగా చాసిస్ ఉండదు, బాడీయే ఎముకల గూడు. అంటే తుప్పు పట్టింది రేకుకు అనుకుంటాం గానీ నిజానికి వెన్నెముకకు. చూడాల్సిన చోట్లు ఇవి: నాలుగు డోర్ల కింద పొడుగ్గా ఉండే బాక్సు, మేస్త్రీలు దాన్నే సిల్ అంటారు. కాళ్ల కింది ఫ్లోరు. డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంత. వెనక కమాను పట్టీలు వేలాడే చోట్లు. ముందు చక్రాలకు స్ప్రింగుల్లా పనిచేసే టోర్షన్ బార్లు వెనక వైపు ఆనే అడ్డ దూలం. బ్యాటరీ ట్రే. ముందు అద్దం బీడింగు కింది మూలలు. అయస్కాంతం పట్టుకోని ప్రతి చోటా పుట్టీ ఉన్నట్టే.

నేను బంగారుపాళెంలో చూసినప్పుడు సిల్ నున్నగా, అందంగా ఉంది. ఇంటికొచ్చాక టింకర్ (రేకు పని) మేస్త్రి వచ్చి, కూర్చోకుండానే స్క్రూడ్రైవరు తీసి ఎడమ వైపు సిల్ మీద ఒక్క పోటు పొడిచాడు. పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే ముందు బూడిద రంగు పుట్టీ పెళ్ల రాలింది. దాని వెనక ఎం-సీల్, దాని వెనక ఉండలు చుట్టి కుక్కిన న్యూస్‌పేపరు. ఆ కాగితం మీద ఏదో సినిమా ప్రకటన సగం కనిపిస్తోంది. మేస్త్రి దాన్ని సాపు చేసి నా చేతికిచ్చాడు. ‘‘ఇనుము యాడుండాది సామీ ఇందులో? చదువుకోడానికి మాత్రం బాగుండాది’’ అన్నాడు.

ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను.

ఇంజిన్ తిరగకపోతే భయపడొద్దు. దానికి మందుంది. డోర్లు మాత్రం ఒక్కొక్కటీ మూసి, తెరిచి చూడండి. తెరిచినప్పుడు డోరు కిందికి జారి, మూసేటప్పుడు ఎత్తి మూయాల్సి వస్తే హింజి అరిగుండొచ్చు, లేదా బండి నడుము వంగుండొచ్చు. రెండోదైతే బేరం అక్కడే ఆపేయండి. 2021 నవంబరులో తిరుపతి మునిగినప్పుడు నీళ్లలో నిలబడ్డ బళ్లు కొన్ని చుట్టుపక్కల ఇంకా అమ్మకానికి తిరుగుతుండొచ్చు. సీటు కింద స్ప్రింగుల మీద బురద గీత ఉందేమో తడిమి చూడండి.

విప్పడం

రెండు రోజుల్లో విప్పేయొచ్చు, తిరిగి బిగించడం మాత్రం ఏడాదిన్నర తరువాత. అప్పటికి ఏ బోల్టు ఎక్కడిదో మీకు గుర్తుండదు, మేస్త్రీకీ గుర్తుండదు. మేస్త్రి అప్పటికి వేరే షెడ్డుకు మారిపోయుంటాడు కూడా.

ప్రతి ముక్కా విప్పకముందు ఒక ఫోటో, విప్పాక ఒక ఫోటో. కిరాణా కొట్టులో దొరికే జిప్ కవర్లు వంద కొనండి. ఒక్కో కవర్లో ఒక చోటి బోల్టులు మాత్రమే వేసి, లోపల పెన్సిల్‌తో రాసిన చీటీ పెట్టండి. కవరు మీద మార్కర్‌తో రాస్తే గ్రీజు తగిలి చెరిగిపోతుంది. వీలైన చోట బోల్టును దాని రంధ్రంలోనే తిరిగి రెండు చుట్లు బిగించి వదిలేయండి. డోరు హింజిల వెనక సన్నటి రేకు ముక్కలుంటాయి, అవి చెత్త కాదు. డోరు గ్యాపు సరిచేయడానికి ఫ్యాక్టరీలో పెట్టినవి. నేను నాలుగు పారేసుకుని నాలుగు వారాలు డోర్లతో కుస్తీ పట్టాను.

టోర్షన్ బార్ల దగ్గర జాగ్రత్త. మెలితిరిగి బలం పట్టి ఉన్న కడ్డీలు అవి. లోడు దించకుండా బోల్టు ఊడదీస్తే చెయ్యి పోతుంది. కుడిది కుడివైపుకే, ఎడమది ఎడమవైపుకే రావాలి, తీసేటప్పుడే పెయింటుతో గుర్తు పెట్టండి. పాత బ్రేక్ షూలలో ఆస్బెస్టాస్ ఉంటుంది కాబట్టి డ్రమ్ములోని దుమ్మును ఎయిర్ కొట్టి ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి.

టింకరింగ్: బండి బతికేది ఇక్కడే

డబ్బులో, ఓపికలో సగం దీనికే దాచుకోండి. మంచి ఇంజిన్ మేస్త్రీలు ఊరికి పదిమంది ఉంటారు. రేకు కోసి, వంచి, అతికించే టింకర్లు మాత్రం తగ్గిపోయారు, ఇప్పుడు కంపెనీ షెడ్లలో ప్యానెల్ మార్చేయడమే గానీ కొట్టి సరిచేసే పని లేదు. రేణిగుంట రోడ్డు వైపో, చిత్తూరులోనో పాత షెడ్లలో తిరిగి, ఒక పెద్దాయనను పట్టుకోండి. చేతిలో చెక్క సుత్తి, డాలీ (రేకు వెనక ఆనించే ఇనప దిమ్మ) ఉన్నవాడు దొరికితే వదలొద్దు.

బండిని జాకీల మీద పెట్టి సిల్ కోయొద్దు. నేల సమంగా ఉన్నచోట నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టి, లెవెల్ ట్యూబుతో చూసుకోండి. కోయకముందు డోర్ల ఖాళీల్లో ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి ఇనప పైపులు అడ్డంగా, ఐమూలగా వెల్డింగ్ పెట్టించండి. ఒకేసారి రెండు వైపులూ కోయకూడదు. ఒక వైపు కోసి, కొత్తది అతికించి, డోర్లు బిగించి మూసి చూసి, గ్యాపు అన్నిచోట్లా ఒకే రకంగా ఉందని తేలాకే రెండో వైపు. ఈ మాట చెబితే కొందరు నవ్వుతారు. రెండు వైపులా కోసిన బండి మధ్యలో ఒక అరంగుళం కుంగితే ఆ తరువాత ఏ డోరూ జన్మలో సరిగ్గా పడదు.

సిల్‌కు, ఫ్లోరుకు 18 గేజ్ రేకు, అంటే దాదాపు 1.2 మిల్లీమీటర్లు. పలచటి రేకు వేస్తే పని తేలిక, బలం సున్నా. గ్యాస్ వెల్డింగ్ వేడికి రేకు అలలు పోతుంది, సీవోటూ వెల్డింగే పెట్టించండి. అది కూడా ఒకేచోట బారుగా లాగకుండా, ఇక్కడో చుక్క అక్కడో చుక్క. ఫ్యాక్టరీలో స్పాట్ వెల్డ్ ఉన్న చోట పై రేకుకు రంధ్రాలు వేసి, వాటిలోంచి కింది రేకుకు అతికిస్తే చూడ్డానికీ, బలానికీ పాతదానికి దగ్గరగా వస్తుంది. తుప్పు రేకు మీద కొత్త రేకు అతికించే అలవాటు మనదగ్గర బాగా ఉంది. దాన్ని ‘ప్యాచ్’ అంటారు, నేను దుప్పటి అంటాను. లోపలి తుప్పు ఆ దుప్పటి కింద హాయిగా పెరుగుతుంది. మంచి రేకు తగిలేదాకా కోసేయాల్సిందే.

రంగు గీకడానికి ఇసుక బ్లాస్టింగ్ చేయిస్తామని అంటారు. చక్రాలకు, సస్పెన్షన్ చేతులకు బాగుంటుంది. బానెట్, డోరు, టాపు మీద మాత్రం వద్దు, వేడికి, దెబ్బకు పెద్ద రేకు ఉబ్బిపోతుంది. అక్కడ పెయింట్ రిమూవర్, గీకుడు, ఓపిక. పాత పెయింటులో సీసం ఉండొచ్చు కాబట్టి నీళ్లతో తడిపి గీకండి, మూతికి మాస్కు ఉండాలి.

నగ్నంగా తేలిన ఇనుమును రాత్రంతా వదలొద్దు. సాయంత్రానికే ఎపాక్సీ ప్రైమర్ పడాలి. సిల్ లోపలికి, స్తంభాల లోపలికి పని అంతా అయ్యాక వ్యాక్స్ కొట్టించండి, కింద నీళ్లు కారే రంధ్రాలు మూసుకోకుండా చూసుకోండి. నా బండిలో సిల్ పోవడానికి కారణం ఆ రంధ్రాలే. ఎవరో మహానుభావుడు అండర్‌కోటింగ్ కొట్టి వాటిని మూసేశాడు.

ఒకసారి రంగు లేకుండా కట్టి చూడండి

నేను తప్పు చేసింది సరిగ్గా ఇక్కడ. బాడీ అయింది కదా అని నేరుగా పెయింటుకు పంపాను. రంగు మీద తిరిగొచ్చాక బంపర్ రంధ్రాలు కలవలేదు, కొత్త రంగు మీద డ్రిల్లు పెట్టాను. బ్రేకులు బ్లీడ్ చేస్తుంటే, అంటే గొట్టాల్లోని గాలి తీస్తుంటే, గొట్టం జారి, ముందు ఫెండరు మీద ఆయిల్ కారింది. తుడిచేలోగా పెయింటు ముడతలు పడి లేచింది.

మీరు ఇలా చేయండి: ప్రైమర్ మీదే బండి మొత్తం ఒకసారి కట్టండి. ఇంజిన్, గేరుబాక్సు, బ్రేకులు, డోర్లు, అద్దాల బీడింగులు, బంపర్లు, లైట్లు. వీలైతే షెడ్డు ఆవరణలోనే నాలుగు చక్రాల మీద కదిలించి చూడండి. కలవని రంధ్రాలు, తగలని గొట్టాలు అన్నీ అప్పుడే బయటపడతాయి. ఆ తరువాత విప్పి, రంగు కొట్టించి, మళ్లీ కట్టండి. రెండుసార్లు కట్టడం దండగ అనిపిస్తుంది. నేను మూడుసార్లు కట్టాను.

ఇంజిన్

పదేళ్లు ఆగిన ఇంజిన్‌ను సెల్ఫ్ కొట్టి తిప్పాలని చూడొద్దు. ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లోకి డీజిలు, ఇంజిన్ ఆయిల్ కలిపి రెండు చెంచాలు పోసి వారం వదిలేయండి. ఆ తరువాత క్రాంక్ పుల్లీ నట్టుకు స్పానర్ పెట్టి చేత్తో నెమ్మదిగా అటూ ఇటూ కదపండి. నాది తొమ్మిదో రోజు కదిలింది, అంతవరకు రోజూ పొద్దున పాలు తేవడానికి పోయేముందు ఒకసారి కదిపి చూసేవాణ్ణి.

మార్క్ 2లో ఉండేది బ్రిటిష్ కంపెనీ బీఎంసీ వాళ్ల 1489 సీసీ బి-సిరీస్. మూడు మెయిన్ బేరింగుల సాదా ఇంజిన్. విప్పాక బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, కొలిపించండి. అరిగుంటే 20, 30, 40 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) సైజుల్లో రీబోరు చేసి అదే సైజు పిస్టన్లు, రింగులు వేస్తారు. వరస ముఖ్యం: పిస్టన్లు చేతికొచ్చాకే బోరు వేయించాలి. బోరు వేయించాక ఆ సైజు దొరక్కపోతే బ్లాకు పాడైనట్టే. క్రాంకు కూడా అంతే, బేరింగ్ సెట్లు దొరికాకే గ్రైండింగ్.

వాల్వు సీట్ల సంగతి చాలామంది వదిలేస్తారు. 2000లో మనదేశంలో సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. ఈ ఇంజిన్ల ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు ఆ సీసం పూత మీద బతికినవి. హెడ్ ఎలాగూ లేత్‌కు వెళ్తుంది కాబట్టి గట్టి సీటు ఇన్‌సర్టులు అప్పుడే వేయించండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ 20 శాతం పెట్రోలు. పాత రబ్బరు గొట్టాలు, పంపులోని డయాఫ్రం దానికి మెత్తబడి కారతాయి. ఇథనాల్ తట్టుకునే గొట్టాలు వేయించండి. ట్యాంకు లోపల కడిగించండి. నెలల తరబడి పెట్రోలు నిల్వ ఉంచొద్దు, ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది.

ఇంకో మాట. మా వైపు మేస్త్రీలు ‘వేడెక్కుతాది సామీ’ అని థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని బట్టి నీళ్లను రేడియేటర్‌కు వదిలే మూత) పీకి పారేస్తారు. మే నెల తిరుపతి ఎండలో అది సరైన పనిలాగే కనబడుతుంది. వేడెక్కడానికి అసలు కారణం చాలాసార్లు మూసుకుపోయిన రేడియేటర్, బ్లాకు లోపల పేరుకున్న తుప్పు మడ్డి. రేడియేటర్ కోరు విప్పించి కడ్డీలు దూర్పించండి, కోర్ ప్లగ్గులు (బ్లాకు పక్కనుండే గుండ్రటి రేకు బిళ్లలు) తీసి బ్లాకు కడగండి, థర్మోస్టాట్‌ను దాని చోట ఉండనివ్వండి.

కట్టేశాక మొదటిసారి స్టార్ట్ చేసేముందు ప్లగ్గులు లేకుండా సెల్ఫ్‌తో తిప్పి, ఆయిల్ ప్రెషర్ వచ్చాకే మంట ఇవ్వండి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ గ్యాపు 15 థౌ, ప్లగ్ గ్యాపు 25 థౌ. నా బండికి ఎస్‌యూ కార్బురేటర్ ఉంది. దానికి ఒక చక్కని పరీక్ష: పై డోమ్‌లోని పిస్టన్‌ను పక్కనున్న పిన్నుతో పైకెత్తి వదలండి. ‘టక్’మని కిందికి పడాలి. ఆ చప్పుడు రాలేదంటే లోపల బంక పట్టిందనో, సూది వంకరపోయిందనో అర్థం. పైన మూత విప్పి పలచని ఇంజిన్ ఆయిల్ పోయడం మరిచిపోతే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా బండి దగ్గుతుంది. అది స్పార్కు తప్పనుకుని నేను మూడు కండెన్సర్లు మార్చాను.

బ్రేకులు, వైర్లు

ఆపలేని బండిని స్టార్ట్ చేయొద్దు. నాలుగూ డ్రమ్ములే. వీల్ సిలిండర్ల లోపల గీతలు, గుంతలు ఉంటే రబ్బర్లు మార్చి సరిపెట్టొద్దు, స్లీవు (లోపలి తొడుగు) వేయించండి లేదా కొత్తవి వేయండి. రబ్బరు గొట్టాలు చూడ్డానికి బాగున్నా మార్చాల్సిందే. ఉక్కు పైపులు కూడా కొత్తవే. స్టీరింగ్ కీళ్లకు, కింగ్‌పిన్నులకు ఉండే గ్రీజు నిపుల్స్ తుడిచి, పాత గ్రీజు బయటికొచ్చేదాకా గన్ కొట్టండి.

వైరింగ్ విషయంలో పొదుపు చేయకండి. గుడ్డ తొడుగు వైర్లు అర్ధశతాబ్దం తరువాత పొడి అవుతాయి. కొత్త హార్నెస్ (వైర్ల కట్ట) కట్టించి, హెడ్‌లైట్లకు రిలేలు, బ్యాటరీ దగ్గర ఒక పెద్ద ఫ్యూజు, ఒక కటాఫ్ స్విచ్ పెట్టండి. కొన్ని పాత మోడళ్లలో బ్యాటరీ పాజిటివ్ వైపు ఎర్త్ ఉంటుంది, చూసుకోకుండా కొత్త బ్యాటరీ తగిలిస్తే డైనమో, రెగ్యులేటర్ రెండూ పోతాయి. బ్యాటరీకి మాత్రం మనం ఎక్కడికీ పోనక్కర్లేదు, తిరుపతి పక్కన కరకంబాడిలో తయారయ్యేవే దేశమంతా తిరుగుతున్నాయి.

రంగు: జనవరి నుంచి మార్చి

మన దగ్గర అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలలూ గాలిలో తేమ ఎక్కువ, మూసిన పెయింట్ గది లేని షెడ్డులో రంగు కొట్టించడం జూదం. నేను నవంబరులో కొట్టించాను. షెడ్డువాళ్లు పుట్టీని నీళ్ల కాగితంతో రుద్ది, సాయంత్రమే సర్ఫేసర్ (రంగు కింద వేసే పొర) కొట్టారు. పుట్టీ స్పాంజి లాంటిది, నీళ్లు పీల్చుకుంటుంది. ఏప్రిల్ ఎండ తగిలేసరికి టాపంతా చిన్న చిన్న పొక్కులు, వేరుశనగ గింజల్లా. మళ్లీ ఇనుము దాకా గీకించాను. పుట్టీని పొడి కాగితంతోనే రుద్దాలి, అదీ రెండు మూడు మిల్లీమీటర్లకు మించకూడదు.

వరస ఇది: ఎపాక్సీ, అతుకుల్లో సీలెంట్, పుట్టీ, పీయూ (పాలీయురేథేన్) సర్ఫేసర్. దానిమీద నల్ల రంగు పలచగా దుమ్ములా చల్లి, చెక్క దిమ్మకు 320 నంబరు కాగితం చుట్టి రుద్దండి. నల్లటి మచ్చ మిగిలిన చోటల్లా గుంత ఉన్నట్టు. తరువాత 400, 600. చేత్తో రుద్దితే వేళ్ల అచ్చులు పడతాయి, ఎండలో కనిపిస్తాయి. ఆపైన పీయూ రంగు. ఏప్రిల్, మే నెలల్లో కొట్టించాల్సి వస్తే నెమ్మదిగా ఆరే థిన్నర్ అడగండి, లేకపోతే పైపొర నారింజ తొక్కలా వస్తుంది. ఆ రంగులో కలిపే హార్డెనర్ వాయువు ఊపిరితిత్తులకు విషం. గుడ్డ మాస్కు పనికిరాదు, ఆ పెయింటర్‌కు కార్ట్రిడ్జ్ మాస్కు మీరే కొనివ్వండి.

సీట్లకు కుషన్ వర్క్ వాళ్లు స్పాంజి మొత్తం నింపుతామంటారు. స్ప్రింగులను సరిచేయించి, కొబ్బరి పీచు పొర మీద పలచగా స్పాంజి వేయిస్తేనే ఆ పాత కూర్చునే తీరు వస్తుంది. బంపర్ల క్రోమ్ చెన్నైలో చేయించాను: రాగి, నికెల్, క్రోమ్ మూడు పూతలూ పడాలి. రాగి పూత మానేసి చవకగా చేసేవాళ్లున్నారు, రెండు వర్షాకాలాలు కూడా ఆగదు.

సొంత రుచికి మార్చుకోవాలంటే

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఆర్సీలో రాసిన తయారీదారు వివరాలకు తేడా వచ్చేలా మార్పులు చేయొద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. జీపు పొడవు పెంచడం, బాడీ కోసి మార్చడం లాంటివి ఈ లెక్కలోకే వస్తాయి. రంగు మార్చుకోవచ్చు, ఆర్సీలో ఎక్కించాలి. ఇంజిన్ మార్చాలంటే ముందే అనుమతి, తరువాత నమోదు. ఇసుజు ఇంజిన్, ఐదు గేర్లు వేయించాలని నాకూ మనసైంది. కాగితాల వరస విన్నాక ఆగిపోయాను.

బయటికి కనపడకుండా, బండికి ప్రాణం పోసే మార్పులు చాలానే ఉన్నాయి. డైనమో బదులు ఆల్టర్నేటర్, మంచి హార్నెస్, సీటు బెల్టులు, హాలోజన్ లైట్లు. పాతవి మాత్రం అమ్మేయకండి, అట్టపెట్టెలో పెట్టి అటక మీద వేయండి.

రోడ్డు మీదికి

మొదటి 500 కిలోమీటర్లు గంటకు 50 దాటొద్దు, ఒకే వేగంలో కూడా తోలొద్దు. ఆయిల్ మార్చి, హెడ్ నట్లు, టాపెట్లు ఇంకోసారి చూడండి. తిరుచానూరు, చంద్రగిరి లాంటి సమతల రోడ్లు ముందు. ఆ తరువాత భాకరాపేట ఘాట్, చిత్తూరు వాళ్లకైతే మొగిలి ఘాట్. ఎక్కేటప్పుడు వేడి సూది చూడండి, దిగేటప్పుడు బ్రేకులు వాసనొస్తున్నాయేమో చూడండి. దిగేటప్పుడు సెకండ్ గేరులో ఉండండి, డ్రమ్ము బ్రేకులు వేడెక్కితే పట్టు వదిలేస్తాయి. ఫస్ట్ గేరుకు సింక్రోమెష్ లేదని గుర్తుంచుకోండి, బండి పూర్తిగా ఆగాకే వేయాలి. తిరుమల ఘాట్ ఎక్కించాలని ప్రతివాడికీ ఉంటుంది. పాత బళ్ల మీద నియమాలు మారుతుంటాయి, అలిపిరి టోల్‌గేటు దగ్గర ముందే అడిగి వెళ్లండి. కాణిపాకంలో పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించే రోజు మాత్రం స్టెప్నీ, ఫ్యాన్ బెల్టు, కండెన్సర్, పాయింట్ సెట్ డిక్కీలో ఉండాలి.

నాకైన ఖర్చు అడిగేవాళ్లకు: బండి 85,000. రేకు పని, రెండుసార్లు కొట్టించిన రంగు కలిపి దాదాపు 2,60,000. ఇంజిన్, గేరుబాక్సు లక్షకు కొంచెం పైన. మిగతావి లెక్క రాయడం మానేశాను, ఇంట్లో ఆ పుస్తకం దొరికింది కాబట్టి.

ఎలుకలకు కొత్త వైర్లంటే ఇష్టం, వారానికోసారి స్టార్ట్ చేసి పావుగంట తిప్పండి. ఈ ఇంజిన్ ఎంత బాగా కట్టినా క్రాంకు వెనక ఆయిల్ చెమట పడుతుంది. రోజూ రాత్రి నా బండి కింద ఒక అట్టముక్క పరుస్తాను. పొద్దున దాని మీద మూడు చుక్కలుంటే చంద్రగిరికి టీకి వెళ్తాను, అంతకన్నా ఎక్కువుంటే పాత చొక్కా వేసుకుని కిందికి దూరతాను.